పదో తారీకు పేరంటం

జగ్గయ్యపేటలో ఆ వీధివాళ్ళకి పదో తారీకు వచ్చిందని తెలియడానికి క్యాలెండరు అక్కర్లేదు. మిగతా రోజుల్లో పదింటికి గాని ఇల్లు కదలని వీరరాఘవయ్య, ఆ ఒక్క రోజు మాత్రం ఏడు కొట్టకముందే ఇంత చద్దన్నం తిని, గొడుగు చంకన పెట్టుకుని పత్తిమిల్లుకి బయల్దేరతాడు. గుమస్తాకి అంత పొద్దున్నే మిల్లులో వెలగబెట్టే రాచకార్యం ఏమీ ఉండదు. తన ఇంటి వరండాలో అప్పులవాళ్ళు చేరే వేళకి తాను అక్కడ ఉండకూడదు, అంతే.

అలాంటిది 1982 శ్రావణమాసంలో వచ్చిన పదో తారీకున ఎనిమిదైనా ఆయన కదల్లేదు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, చదివిన పేపరే మళ్ళీ చదువుతున్నాడు.

"ఇవాళ మిల్లుకి వెళ్ళట్లేదా?" వంటింట్లోంచి అడిగింది భార్య సీతారావమ్మ.

"సెలవు పెట్టా."

"ఒంట్లో బాగాలేదా ఏంటి?"

"బాగానే ఉంది."

ఒంట్లో బాగున్న మనిషి పదో తారీకున ఇంట్లో కూర్చున్నాడంటే ఏదో విశేషం ఉండే ఉంటుంది. ఇంకో రోజైతే సీతారావమ్మ తరిచి అడిగేదే. కానీ ఆ పూట ఆవిడ బెంగ ఆవిడకుంది. మరో రెండు గంటల్లో ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళ ముందు పెట్టడానికి ఈ నెల చేతిలో చిల్లిగవ్వ లేదు.

ఈ అప్పు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు సీతారావమ్మ మొహమాటం సంగతి చెప్పాలి. రెండేళ్ళ క్రితందాకా ఆవిడ వీధిలో చీటీలు నడిపేది. నెలనెలా ఆడవాళ్ళంతా తలా కాస్త వేసేవారు. అవసరమున్నావిడ పాట పాడుకుని ఆ నెల పోగైన డబ్బు తీసుకెళ్ళేది, మిగతా నెలలు మానకుండా కట్టేది. డబ్బు చేతికందాక ఎగ్గొట్టకుండా ఎవరినో ఒకరిని జామీను ఉంచడం పద్ధతి. ఆ పద్ధతి వెనక వాటాలో అద్దెకు దిగిన రాజ్యం దగ్గర ఒక్కచోటే తప్పింది.

రాజ్యం మొగుడు ముక్త్యాల వైపు ఫ్యాక్టరీ కట్టుబడికి కంకర తోలే కాంట్రాక్టరు. చీటీ పాటకి ముందు వచ్చిన శుక్రవారం రాజ్యం నోము నోచుకుంది. సీతారావమ్మని పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళకి పసుపు రాసి, జాకెట్టు గుడ్డా నానబెట్టిన శనగలూ వాయనమిచ్చి, వంగి దణ్ణం పెట్టింది. కాళ్ళకి పసుపు రాసిన పిల్లని పట్టుకుని మర్నాడే "నీకు జామీను ఎవరమ్మా?" అనడానికి సీతారావమ్మకి నోరు రాలేదు. నడుస్తున్న రెండు చీటీలూ రాజ్యమే పాడుకుంది. తరవాత కొన్నాళ్ళకి ఒక తెల్లవారుజామున మొగుడూ పెళ్ళాం లారీలో సామాను వేసుకుని వెళ్ళిపోయారు. ఎక్కడికి వెళ్ళారో ఈనాటికీ ఎవరికీ తెలియదు. చీటీ నడిపింది సీతారావమ్మ కాబట్టి అందరికీ జవాబు చెప్పాల్సింది ఆవిడే.

"గుప్పెడు శనగలకి ఎనిమిది వేలు! ఇంత ఖరీదైన వాయనం ఈ కృష్ణా జిల్లాలో ఎవరూ పుచ్చుకోలేదే తల్లీ" అని ఎదురింటి రత్తమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

చీటీ మునిగిన రోజు అందరికంటే పెద్దగా అరిచింది రత్తమ్మే. దారి చూపించిందీ రత్తమ్మే. నా డబ్బు ముందంటే నా డబ్బు ముందని ఆడవాళ్ళు కొట్టుకునేదాకా వచ్చినప్పుడు అరుగెక్కి నిలబడి, "నోర్ముయ్యండే! చీటీ ఎటూ మునిగింది. తీర్చడం కూడా చీటీలాగే నడుపుదాం. ప్రతి పదో తారీకునా ఇది ఎంత కూడబెడితే అంత తెచ్చి మన ముందు పెడుతుంది. ఆ నెల ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళు పట్టుకెళ్ళండి. పాటలు లేవు, పోట్లాటలు లేవు" అంది.

కూడబెట్టడం ఎలాగన్నదానికి జవాబు రోట్లో దొరికింది. సీతారావమ్మ కొట్టిన కూరకారం, కందిపొడి ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ అడక్కుండా ఉండరు. రత్తమ్మ చందర్లపాడులో ఉన్న తమ్ముడి చేలోంచి మిరపకాయల బస్తాలు అరువు మీద ఇప్పించింది, పొద్దున్నే వచ్చి ఒక రోకలి అందుకునేది. ఆసుపత్రిలో ఆయాగా చేసే లూర్దమ్మ నర్సులకీ, వాళ్ళ చుట్టాలకీ పొట్లాలు అమ్మిపెట్టేది. వెనక వీధి సుభాన్‌బీ పొడులకి గుడ్డ సంచులు కుట్టి పదో తారీకున తెచ్చేది. అప్పు ఇచ్చినవాళ్ళే కూర్చుని ఆ అప్పు తీర్పిస్తుంటే వింతగా ఉండేది చూసేవాళ్ళకి. పోనుపోను పదో తారీకంటే వరండాలో కాఫీలు, కబుర్లు, ఎవరింటి కోడలు ఎలాంటిదన్న విచారణలు. ఎవరి బాకీ పూర్తిగా తీరితే వాళ్ళింటినుంచి ఆ నెల పాయసం రావాలని రూలు కూడా పెట్టుకున్నారు. సీతారావమ్మ నీరసపడి "ఇది ఈ జన్మకి తీరదత్తయ్యా" అన్నప్పుడల్లా, "తీరకపోతే పై జన్మలో నీ కడుపున పుట్టి వసూలు చేస్తా, రోకలెత్తు" అనేది రత్తమ్మ.

అలా సగం పైగా తీరింది. ఇంతలో ఈ శ్రావణం వానలొచ్చి పంచలో పెట్టిన మిరపకాయలన్నీ తడిసి బూజు పట్టాయి. బస్టాండు దగ్గర హోటలాయన, "దంచి కలిపెయ్యండి, ఎవడికి తెలుస్తుందండీ" అన్నాడు. సీతారావమ్మ ఇంటికొచ్చి బస్తాలు మొత్తం పెంటకుప్ప మీద గుమ్మరించింది. గుమ్మరించి వచ్చాక మాత్రం రోలు పక్కన కూలబడి చాలాసేపు ఏడ్చింది. అది చూసిన వీరరాఘవయ్య ఆ మర్నాడే నందిగామ బస్సెక్కి వెళ్ళి వచ్చాడు. ఎందుకు వెళ్ళాడో భార్యకి చెప్పలేదు.

తొమ్మిది దాటాక ఆ సంగతి రిక్షా దిగి గుమ్మంలోకి నడిచొచ్చింది. వీరరాఘవయ్య అన్నగారు బ్రహ్మయ్య. నందిగామలో రైసుమిల్లు, మేడ ఉన్న మనిషి. చంకలో తోలు సంచీ ఉంది.

"ఏమ్మా సీతారావమ్మా, బాగున్నావా? పిల్లలు బడికెళ్ళారా? ముందు ఇంత అన్నంలో కందిపొడి, నెయ్యి వేసి పెట్టమ్మా. మీ అక్కయ్య చేసేది పొడి కాదు, పిండి" అంటూ కాళ్ళు కడుక్కున్నాడు.

మంచి మనిషే. పెట్టే చెయ్యి. కాకపోతే పెట్టాక ఆ చెయ్యి మన భుజం మీదే ఉంటుంది, దించడం ఆయనకి చేతకాదు. తృప్తిగా తిని, చెయ్యి తుడుచుకుని, సంచీ ముందుకు జరిపి అసలు మాట ఎత్తాడు.

"మిగిలిన బాకీ మొత్తం తెచ్చా. ఇవాళ వాళ్ళందరికీ తలా ఇంత పారేసి, ఇకమీదట ఈ గడప తొక్కొద్దని చెప్పేద్దాం. వచ్చే నెలలో మీరంతా నందిగామ వచ్చెయ్యండి. మేడ మీద రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి. వీడు నా మిల్లులో లెక్కలు రాస్తాడు. నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండు. మన ఇంటి కోడలు హోటళ్ళకి కారం అమ్ముతోందంటే నలుగురిలో నాకు తలకొట్టేసినట్టుందమ్మా."

సీతారావమ్మ తలుపు చాటునుంచి మొగుడి వైపు చూసింది. ఆయన చూపు పేపర్లో ఉంది.

"ఏమండీ, ఒక్కసారి ఇలా రండి" అని దొడ్లోకి తీసుకెళ్ళింది. రోలు దగ్గరకి వెళ్ళాక గొంతు తగ్గించి, "నాతో ఒక్క మాట అనకుండా బావగారిని అడిగొచ్చారా?" అంది.

"అడిగా. తప్పేంటి? నా తోడబుట్టినవాడే గదా!"

"తప్పని కాదు. ఈ అప్పు చేసింది నేను. వాళ్ళకి మాటిచ్చింది నేను. సగం పైన తీర్చా. మిగిలింది తీర్చలేనని మీకు నేను చెప్పానా?"

"చెప్పాలా? ఆ పూట నువ్వు ఇక్కడ కూర్చుని ఏడవలేదూ?"

"ఏడిస్తే? ఏడ్చినంత మాత్రాన మానేసినట్టా?"

వీరరాఘవయ్యకి కోపం వచ్చింది. ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, వణుకుతుంది. "నీ చేతులు చూసుకున్నావా అసలు? కారం మంటకి వెన్న రాసుకుని, పిల్లలకి కలిపి పెట్టలేక చెంచా పట్టుకుంటున్నావు. రెండేళ్ళు చూశా. మొగుణ్ణయి ఉండి ఏం చెయ్యలేక పదో తారీకు వస్తే దొంగలా గొడుగేసుకుని పారిపోతున్నా. వాళ్ళంతా మన వరండాలో కూర్చుని నిన్ను నిలదీస్తుంటే చూసే ధైర్యం నాకు లేదు సీతా. ఇంక నావల్ల కాదు."

తన మీద అలిగి వెళ్ళిపోతున్నాడనే ఇన్నాళ్ళూ అనుకుంది సీతారావమ్మ. ఇలా లోలోపల కుమిలిపోతున్నాడని ఊహించలేదు. దానికి తోడు, బావగారి మాట విన్నప్పుడు తనకీ ఎక్కడో ప్రాణం లేచొచ్చిన మాట నిజం. మేడ మీద గది, పొద్దున్నే రోకలి పట్టక్కర్లేదు, మంటల్లేని చేతులు. ఎవరికి చేదు? మిరపకాయల బస్తాలతో పాటు తన పట్టుదలా ఆ కుప్ప మీదే గుమ్మరించి వచ్చానేమో అనిపించింది. "సరే, మీ ఇష్టం" అనబోయింది. అంతలో వరండాలో గాజుల చప్పుడు, రత్తమ్మ గొంతు వినిపించాయి.

"ఏమే సీతారావమ్మా! ఇంట్లో ఉన్నావా, నువ్వు కూడా మీ ఆయనతో పాటు మిల్లుకి పోయావా?"

వచ్చినవాళ్ళు చాపల మీద సర్దుక్కూర్చున్నారు. కుర్చీలో బ్రహ్మయ్యనీ, గుమ్మంలో వీరరాఘవయ్యనీ చూసి కొంగులు సర్దుకుని మాటలు తగ్గించారు. సీతారావమ్మ వాళ్ళ ముందుకొచ్చి నిలబడింది. నిలబడ్డాక దాచడం ఆవిడకి చేతకాదు.

"ఈ నెల నా దగ్గర ఏమీ లేదు. కాయ తడిసిపోయింది. పోయిన నెల అనుకున్నట్టు ఇవాళ లూర్దమ్మకి ఇవ్వాలి. ఇవ్వలేకపోతున్నా" అంది తల వంచుకుని.

బ్రహ్మయ్య గొంతు సవరించుకున్నాడు. "మీరేం కంగారు పడకండమ్మా. ఎవరికి ఎంతో చెప్పండి, ఇవాళే పైసలతో సహా ఇచ్చేస్తా. పుచ్చుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళండి. ఇక నెలనెలా ఇక్కడికి వచ్చే శ్రమ ఉండదు. వీళ్ళు నందిగామ వచ్చేస్తున్నారు."

సంచీ తెరిచాడు. బాకీలు మొత్తం తీరిపోతాయంటే అందరి మొహాలూ వెలగాలి గదా, ఒక్కరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లూర్దమ్మ కళ్ళు సంచీ మీదే ఉన్నాయి. "నేను అబద్ధమాడలేనక్కా. మా అబ్బాయి ఏలీయాకి ఐటీఐలో సీటొచ్చింది. సోమవారం లోపు ఫీజు కట్టకపోతే పోద్ది. ఈ నెల నాదేనని నీ మీదే ఆశ పెట్టుకున్నా" అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తీసుకో లూర్దమ్మా. నీకు నేను అడ్డం రాను" అంది సీతారావమ్మ. ఆ మాటతో అంతా అయిపోయిందనే అనుకుంది. తన రెండేళ్ళ కష్టం ఇంకొకరి సంచీలోంచి ముగిసిపోతోంది. తేలికపడాల్సిన మనసు, ఎందుకో ఇంకా బరువెక్కింది.

"ఆగవే" అంది రత్తమ్మ. లేచి, మోకాళ్ళు పట్టుకుని, బ్రహ్మయ్య వైపు తిరిగింది. "మీ డబ్బుకి దణ్ణం బాబూ. మంచి మనసుతో తెచ్చారు, కాదన్ను. కానీ మేం నమ్మి ఇచ్చింది ఈ పిల్లకి. ఆరోజు మేమంతా దీన్ని నానామాటలు అన్నాం. నేనైతే అనరాని మాటలే అన్నా. అయినా ఇది పారిపోలేదు. ఒక్క పైసా తగ్గించమని అడగలేదు. బూజు కాయ దంచి అమ్మితే ఇవాళ లూర్దమ్మ ఫీజుకి డబ్బుండేది. అదీ చెయ్యలేదు. ఇట్టాంటిదానికి గడప తొక్కొద్దని చెప్పించడానికా మేం రోకళ్ళు పట్టింది?"

"మరి ఆ పిల్లాడి ఫీజు సంగతి?" అన్నాడు బ్రహ్మయ్య, కాస్త తగ్గి.

"దానికి మీదాకా ఎందుకు? పోయిన నెల నాకిచ్చింది ఇది. డబ్బు నా డబ్బాలోనే ఉంది. గేదెని కొందామనుకున్నా. గేదె ఎటూ పోదు." రత్తమ్మ సీతారావమ్మ వైపు తిరిగి వేలు చూపించింది. "అది పట్టుకెళ్ళి లూర్దమ్మకిస్తున్నా. నా బాకీ తీరలేదనే అనుకో. మా తమ్ముడికి కబురు పెడతా, ఇంకో బస్తా పంపుతాడు. ఈసారి పంచలో పెట్టావంటే నిన్నే రోట్లో వేసి దంచుతా, తెలిసిందా?"

సీతారావమ్మ రత్తమ్మ భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. తీరిన బాకీని మళ్ళీ నెత్తికెత్తుకుని ఏడ్చి, అందులో అంత సంతోషపడిన మనిషిని ఆ వీధి అంతకు ముందు చూడలేదు.

మూలన కూర్చున్న సుభాన్‌బీ కూడా కళ్ళు తుడుచుకుంది. అందరిలోకీ పెద్దావిడ, నెమ్మదస్తురాలు. రెండేళ్ళుగా తన వంతు వచ్చినప్పుడల్లా "నాకేం తొందరమ్మా, ముందు ఆమెకియ్యి" అంటూ వదులుకుంటూ వచ్చింది.

"నువ్వన్నా ఆ బాబు దగ్గర తీసుకో సుభానమ్మా. నీకు ఒక్క పైసా చేరలేదింతవరకు" అంది రత్తమ్మ.

"నాకొద్దు తల్లీ!" సుభాన్‌బీ గాభరా పడింది. "తీసుకుంటే నేను ఈడికి ఎట్టా వచ్చేది? మా కొడుకు ఖాజావలి లారీ మీద పోతాడు, మా కోడలికి ముగ్గురు పసిపిల్లలు. గుమ్మం దాటతానంటే ఊరుకోరు. ఒక్క బాకీ వసూలుకంటే మాత్రం మా కోడలే మంచి చీర తీసిస్తది. నెలకి ఈ ఒక్క పూటే నేను మనుషుల్లో కూర్చునేది." సీతారావమ్మని చూసి తలదించుకుంది. "ఈ నెలా ఇవ్వలేదని ప్రతిసారీ ఇంట్లో చెప్తున్నా. మావాడు నిన్ను తిట్టని తిట్టు లేదు. నన్ను మన్నించమ్మా."

ముందు లూర్దమ్మ నవ్వింది. ఆ తరవాత వరండా అంతా నవ్వు. ఏడుస్తున్న సీతారావమ్మ కూడా నవ్వింది. నవ్వనిది వీరరాఘవయ్య ఒక్కడే. గుమ్మం పట్టుకుని నిలబడి చాపల మీద ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. నా భార్యని నిలదీస్తున్నారనుకుని రెండేళ్ళు ఎవరినుంచి పారిపోయానో, నా భార్యని నిలబెట్టింది వాళ్ళేనని ఆయనకి ఆ పూట అర్థమైంది. అర్థమయ్యాక గొంతు వణికింది, ఈసారి కోపంతో కాదు.

"అన్నయ్యా, ఏమీ అనుకోకు. సంచీ మూసెయ్యి."

"ఒరేయ్, ఆలోచించుకునే అంటున్నావా?"

"ఇన్నాళ్ళూ ఆలోచించకుండా ఉన్నా. ఇది సీత అప్పని దూరంగా నిలబడ్డా. ఇక నుంచి ఇది మా ఇద్దరి అప్పు. పొద్దున్నే రెండో రోకలి నేను పడతా. పొట్లాలు మిల్లులో నేను అమ్ముతా. నువ్వు రావాలనుకుంటే ఇట్టాగే వస్తుండు, కందిపొడి ఎప్పుడూ ఉంటుంది."

బ్రహ్మయ్య కాసేపు తమ్ముణ్ణి తేరిపార చూశాడు. కోపం వచ్చే మనిషే, కానీ రాలేదు. సంచీ మూసి, మరదలివైపు తిరిగి, "అయితే మా మిల్లు కూలీలకి కూడా నెలనెలా కారం పంపమ్మా. ఊరికే కాదు, డబ్బిచ్చే కొంటా. తలకొట్టేయడం సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు.

కొత్త బస్తా వచ్చిన మర్నాడు పొద్దున వీరరాఘవయ్య రోకలి పట్టాడు. నాలుగు పోట్లకే తుమ్ములు, కళ్ళవెంట నీళ్ళు. "బాగుంది, మగవాడి పోటు!" అని రత్తమ్మ వీధంతా వినిపించేలా నవ్వింది. ఆయన మాత్రం మానలేదు. కొన్ని నెలలు బాగా సాగింది, కొన్ని నెలలు కుంటింది. పిల్లాడికి జ్వరం వచ్చిన నెల సగమే పెట్టగలిగారు. పదో తారీకు మాత్రం తప్పలేదు. లూర్దమ్మది తీరింది, రత్తమ్మ గేదెని కొనుక్కుంది, పాయసాలు వచ్చాయి.

ఇంకో రెండేళ్ళకి చివరి పదో తారీకు వచ్చింది. మిగిలింది సుభాన్‌బీ ఒక్కతే. ఆవిడ బాకీ మొత్తం ఒక్కసారే తాంబూలంలో పెట్టి ఇచ్చింది సీతారావమ్మ. ఇక ఈ ఊళ్ళో ఎవరి ముందూ తల వంచక్కర్లేదు.

"నీ మాట నిలబెట్టుకున్నావే పిల్లా" అంది రత్తమ్మ. నాలుగేళ్ళలో ఆవిడ నోట్లోంచి దెప్పిపొడుపు లేకుండా వచ్చిన మాట అదొక్కటే.

అందరూ సంతోషంగా లేచారు. సుభాన్‌బీ మాత్రం లేవలేదు. డబ్బు కొంగున ముడివేసుకుని, ఆ ముడి వైపే చూస్తూ, "అయితే ఇంక నేను రానక్కర్లేదన్నమాట" అంది చిన్నగా. సీతారావమ్మ వచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది. ఊరికే రమ్మని చెప్పొచ్చు, కానీ ఊరికే అంటే ఆవిణ్ణి ఇంట్లోంచి ఎవరు పంపుతారు?

కాఫీ గ్లాసులు తీస్తున్న వీరరాఘవయ్య ఆగాడు. అప్పు అన్న మాట వింటేనే ఒకప్పుడు గొడుగు వెతుక్కున్న మనిషి, వచ్చి ఆవిడ ముందు చాప మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఒక రూపాయి అప్పివ్వండి."

సుభాన్‌బీ తెల్లబోయింది. తరవాత అర్థమై, ముడి విప్పి రూపాయి తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఎప్పుడిస్తావయ్యా మళ్ళీ?" అంది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో ఆవిడకే తెలియలేదు.

"నేను మాట మీద నిలబడే మనిషిని కాదండీ. ప్రతి పదో తారీకునా మీరే వచ్చి అడుగుతుండాలి."

"ఇయ్యకపోతే మా ఖాజావలికి చెప్తా, చూసుకో" అంటూ ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ రూపాయిని వీరరాఘవయ్య ఈనాటికీ తీర్చలేదు.